ఎర్ర గుంపులు

మరదలు ఏం పని చేస్తుందని ఎవరడిగినా, ఆమె నోరు తెరిచేలోపే బావ అందుకునేవాడు. "మందులకి పరీక్షలు పెడుతుంది మా చిన్ని. మనం ఫెయిలైతే ఇంట్లో నాలుగు తిట్టి అన్నం పెడతారు. దీని దగ్గర ఫెయిలైన మందుకి ఆ అన్నం కూడా ఉండదు!" విన్నవాళ్లు నవ్వేవారు. చిన్ని కూడా నవ్వేది. తన పనిని అంతకంటే సులువుగా చెప్పడం ఆమెకూ చేతకాదు.

అమ్మానాన్నలు ఒకరి వెనక ఒకరు పోయేనాటికి చిన్ని ఇంకా పలక వదల్లేదు. అక్కకి అప్పుడే పెళ్లి సంబంధాలు వస్తున్నాయి. చెల్లెలు నాతోపాటే ఉంటుందని అక్క మొదటి మాటలోనే చెప్పేసరికి, చూడవచ్చిన ఇద్దరు ముగ్గురు మళ్లీ మొహం చూపించలేదు. టైల్స్ వేసే మేస్త్రీ ఒక్కడే పకపకా నవ్వి, "ఒకటి కొంటే ఒకటి ఉచితమా? ఇంతకంటే మంచి బేరం నాకెక్కడ దొరుకుతుంది?" అన్నాడట. ఆ మాటను అక్క ఎన్నిసార్లు చెప్పుకుని మురిసిపోయిందో లెక్కలేదు. వాళ్లకి పిల్లలు పుట్టలేదు. చిన్నినే పిల్లలా పెంచారు. చదువు చాలిస్తానని చిన్ని రెండుసార్లు అంటే, రెండుసార్లూ బావ అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

బావ ఏ గదిలో అడుగుపెట్టినా ముందు నేల చూసేవాడు. ఎవరింటికైనా భోజనానికి వెళ్తే చెప్పులు విప్పగానే బొటనవేలితో టైల్ తట్టి, "ఇక్కడ కింద డొల్ల" అని అక్క చెవిలో ఊదేవాడు. అక్క మోచేత్తో పొడిచేది. కోత యంత్రం తిరుగుతుంటే లేచే తెల్లటి దుమ్ములోనే అతని వయసంతా గడిచింది. మూతికి గుడ్డ కట్టుకోమని అక్క రోజూ పోరేది. కట్టుకుంటే పాట రాదు, పాట రాకపోతే టైల్ వంకర పోతుందని అతని వాదన. నలభై అయిదు దాటాక దగ్గు మొదలైంది. ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని డాక్టరు చెప్పిన రోజు ఇంటికొచ్చి, "లోపల సిమెంటు పట్టేసిందట, మంచి పనివాడు చేసినట్టున్నాడు" అని నవ్వబోయి దగ్గాడు. వాళ్లది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. ఆ ఏడాదికి మెట్ల మలుపులో ఒక కుర్చీ వెలిసింది. మరుసటి ఏడాదికి పై మలుపులో ఇంకొకటి.

చిన్ని ల్యాబులో చేసేది ఇదీ. మనిషి ఎముకల్లోని మజ్జలో కొన్ని మూలకణాలుంటాయి. ఒంట్లో పారే రక్తమంతా వాటి సంతానమే. రక్తకణాలు రోజూ చస్తుంటే, ఆ తల్లులు రోజూ కొత్తవాటిని కని పంపుతుంటాయి. కొత్త మందు ఏ జబ్బు కోసం వచ్చినా, అది ఈ తల్లుల జోలికి పోతుందో లేదో మనుషులకి ఇవ్వకముందే చూడాలి. ఆరోగ్యంగా ఉన్న దాతలు ఇచ్చిన మజ్జలోంచి ఆ కణాల్ని వేరుచేసి, గంజిలాంటి చిక్కటి జిగురులో కలిపి, మందును కొద్దికొద్దిగా పెంచుకుంటూ చిన్న పళ్లేల్లో పోసేది చిన్ని. బుడగ రాకుండా పోయాలంటే ఊపిరి బిగబట్టాల్సిందే. ఎండిపోకుండా పక్కనే నీళ్ల పళ్లెం పెట్టి, ఒంటివేడి ఉండే ఇంక్యుబేటరులో రెండు వారాలు వదిలేయాలి. ఈలోపు ఒక్కో తల్లి తన చుట్టూ పిల్లల్ని కని ఒక గుంపు కట్టుకుంటుంది. మైక్రోస్కోపు కింద ఎర్రకణాల గుంపు దానిమ్మగింజను నలిపినట్టుంటుంది. తెల్లకణాల గుంపు పిండి చిలకరించినట్టుంటుంది. మందు లేని పళ్లెం కళకళలాడుతుంది. చెడ్డ మందు పడిన పళ్లెం బోసిపోతుంది. మధ్యలో ఉండేవాటితోనే తలనొప్పి.

మందుకి పేరుండదు, నంబరే. అది ఎవరిదో ఏ జబ్బుకో తెలిస్తే లెక్కపెట్టే కన్ను ఒకవైపు మొగ్గుతుందని, ల్యాబు నడిపే మేడం ఆ వివరాలు తన గదిలోనే దాచేది.

ఆ ఎండాకాలం చిన్ని చేతికొచ్చిన మందును అందరూ 'పన్నెండు' అనేవారు. మొదటి విడతలో మోతాదు పెరిగిన పళ్లేలన్నీ బోసిపోయాయి. రోగులకి ఇవ్వాలనుకున్న మోతాదు దగ్గర మాత్రం ఎటూ తేలలేదు. అలాంటప్పుడు వేరే దాతల మజ్జతో మళ్లీ చేయాలి. చిన్ని మళ్లీ పళ్లేలు పోసి ఇంక్యుబేటరులో పెట్టింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే బావ ఆసుపత్రి నుంచి వస్తూ కింది మలుపులోంచే కేకేశాడు. పైకి చేరేసరికి రొప్పు. కుర్చీలో కూర్చుని, ఊపిరి అందాక చెప్పాడు.

"మరదలా, నాకో మందు దొరికింది. కొత్తదట. ఇంకా ఎవరూ మింగలేదట. మొదటి వరసలో నన్ను కూర్చోబెట్టారు. సినిమాకి మొదటాట టికెట్టు దొరికినట్టే!"

"బాగుందో లేదో ఎవరూ చెప్పని సినిమాకి ఎగబడతారేంటండీ," అంది అక్క. అంటూనే నవ్వింది. అక్క అలా నవ్వి చాలా కాలమైంది. ఆ రాత్రి అన్నంలో బావ రెండోసారి పెట్టించుకున్నాడు. చిన్నికి ఏ అనుమానమూ రాలేదు. ల్యాబుకి వచ్చే మందులు బోలెడు. ఊళ్లో జబ్బులూ బోలెడు.

తర్వాతి వారం మీటింగులో మేడం విసుక్కుంది. "పన్నెండువాళ్లు నన్ను పీక్కు తింటున్నారు. ఊపిరితిత్తుల ఆసుపత్రిలో మొదటి వరస మనుషులు సిద్ధంగా ఉన్నారట. మన మాట కోసమే ఆగారట."

చిన్ని చేతిలో పెన్ను ఆగిపోయింది. మీటింగయ్యాక మేడం వెనకే ఆమె గదిలోకి వెళ్లి తలుపు వేసింది.

"మేడం, ఆ మనుషుల్లో మా బావ ఉన్నాడు."

మేడం చేతిలోని ఫైలు మూసింది. "మరి ఈ విడత నువ్వు లెక్కపెట్టొద్దు. ఆ పళ్లేలవైపు చూడనే చూడొద్దు. నీ మీద అనుమానంతో కాదమ్మా. ఆ బరువు నీకెందుకని."

"అలాగే మేడం," అంది చిన్ని. నిజంగానే భుజాల మీంచి మూట దించినట్టు అనిపించింది. ఇంట్లో ఏమీ చెప్పలేదు. ఎదుటివాళ్ల ఆశలో వేలు పెట్టడానికి మనసొప్పలేదు. తనూ ఆశపడింది.

లెక్క బాధ్యత ల్యాబులో అందరూ 'కళ్లజోడు' అని పిలిచే కుర్రవాడి మీద పడింది. ఆ కుర్రవాడు కొత్తగా చేరాడు. సోడాబుడ్డి అద్దాలు, ప్రతిదానికీ భయం, భయం వల్లే వచ్చిన శ్రద్ధ. చిన్ని బావ సంగతి అతనికి తెలియదు. మేడం "ఈసారి నువ్వు చూడు" అని మాత్రం చెప్పింది. లెక్కపెట్టే రోజున చిన్ని పక్క బల్ల మీద వేరే పనిలో తల దూర్చి కూర్చుంది. మధ్యాహ్నానికి అతను తనలో తను అన్నట్టు అన్నాడు. "ఫర్వాలేదు. అసలు మోతాదు దగ్గర, మందు లేనిదాంట్లో సగం దాకా ఉన్నాయి."

చిన్నికి గుండె ఒక్కసారి పొంగింది. అంతలోనే అతను కుర్చీ ఇటు తిప్పాడు. "అక్కా, ఒక్కసారి ఇలా వస్తావా? ఇవి మరీ చిన్నగా ఉన్నాయి. వీటిని గుంపులంటామా, అనమా?"

ఆమె లేవక్కర్లేదు. మేడం నన్ను చూడొద్దన్నారు అంటే సరిపోయేది. అది నిజం కూడా. అతను అడిగింది మేడం విన్నా చూడొద్దనే అనేది. చిన్నికి ఇవన్నీ తెలుసు. తెలిసే లేచింది. ఆ లేవడంలో ఒక దురాశ కూడా ఉంది. అవి గుంపులే అయ్యుంటాయి, తన కళ్లతో చూసుకుందామని.

చూసింది. నిజమైన గుంపు ముద్దగా, ఎర్రగా, అంచుల దాకా నిండుగా ఉంటుంది. ఇవి పుట్టబోయి ఆగిపోయినవి. నాలుగైదు కణాలు ఒకదానికొకటి అంటీ అంటకుండా, బూడిదరంగులో, ముడుచుకుపోయి ఉన్నాయి. ఆమె కళ్లు తీయకుండా చూస్తూ ఉండిపోయింది, నీళ్లు కారేదాకా.

"అనం," అంది చివరికి. "వీటిని లెక్కలో వేయకూడదు. మొదలుపెట్టి చచ్చిపోయాయి."

"ఇవి తీసేస్తే ఇంకేం మిగలదక్కా."

"తెలుసు."

చిన్ని నేరుగా మేడం దగ్గరికి వెళ్లి, చూడొద్దన్నదాన్ని చూశానని చెప్పింది. మేడం వచ్చి ఆ పళ్లేలన్నిటినీ తనే మొదట్నుంచీ చూసింది. చాలాసేపు పట్టింది. లేచి, చిన్ని వీపు మీద ఒకసారి చెయ్యి వేసి, తన గదిలోకి వెళ్లి ఫోను తీసింది. పన్నెండు అక్కడితో ఆగిపోయింది.

ఇంటికి కబురు ఆసుపత్రి నుంచే వచ్చింది. సాయంత్రం చిన్ని తలుపు తీసేసరికి అక్క వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడి ఉంది. పొయ్యి మీద పాలు పొంగి గట్టంతా పారుతున్నా చూడటం లేదు.

"ఎవరో ల్యాబువాళ్లు వద్దన్నారటే," అంది అక్క. "ఏవో చుక్కలు తక్కువొచ్చాయట. చుక్కలు! మనిషికి ఊపిరాడటం లేదురా బాబూ అంటే చుక్కలంటారు."

చిన్ని పొయ్యి కట్టేసింది. గుడ్డ తీసుకుని పాలు తుడిచింది. తుడుస్తూనే చెప్పింది. "ఆ ల్యాబు మాదే అక్కా. వద్దన్నది నేనే."

లోపలి గదిలోంచి దగ్గు వినిపించి ఆగింది. బావ గోడ పట్టుకుని గుమ్మందాకా వచ్చాడు. చిన్ని జరిగిందంతా చెప్పింది. నంబరు సంగతి, మేడం చూడొద్దన్న సంగతి, కళ్లజోడు పిలిచిన సంగతి. ఏదీ దాచలేదు. అక్క అంతా విని, అరవకుండా, ఏడవకుండా ఒకటే అడిగింది.

"చూడొద్దన్నారు కదే. చూడొద్దన్నదాన్ని ఎందుకు చూశావు?"

చిన్ని పాలు తుడిచిన గుడ్డను పిండింది. ఉన్న జవాబు చెప్పేది కాదు.

"దాన్నెందుకే అంటావు," అన్నాడు బావ. గుమ్మంలోనే కింద కూర్చున్నాడు. "ఇంతకీ నేనా మందు మింగితే ఏమయ్యేది మరదలా?"

"రక్తం పుట్టడం ఆగిపోయేది బావా. కావచ్చు."

"కావచ్చా?"

"కావచ్చు."

"ఆగిపోయేదని గట్టిగా చెప్పు. వింటాను."

"చెప్పలేను."

బావ తల ఊపాడు. ఇంకేదో హాస్యమాడబోయాడని అతని పెదాలు చూస్తే తెలిసింది. దొరకలేదు. "సర్లే, అన్నాలు పెట్టండి," అన్నాడు.

ఆ తర్వాత అక్క చిన్నితో మాట మానేయలేదు. మానేసినా బాగుండేది. "అన్నం పెట్టాను." "తాళం తీసుకెళ్లు." "సిలిండరు వాడు వస్తే డబ్బాల వెనక పెట్టించు." అన్నీ చెప్పేది. ఒక్కదాంట్లోనూ 'చిన్నీ' అన్న పిలుపు గానీ, తడి గానీ ఉండేది కాదు. సిలిండరంటే వంటగ్యాసు కాదు. బావ ముక్కుకి గొట్టం పెట్టి గాలి అందించేది. మెట్లు ఎక్కడం, దిగడం అయిపోయింది. కిటికీ పక్కన పరుపు వేశారు. వానలు మొదలయ్యాక దగ్గు ఇంకా లోతుకి పోయింది. అక్క అతని వీపు వెనక దిండ్లు సర్దుతూ, చిన్ని సాయానికి వస్తే, "నేను చూసుకుంటాలే" అనేది.

ఒక సెలవు రోజున అక్క మందుల షాపుకి వెళ్లినప్పుడు బావ చిన్నిని దగ్గరికి పిలిచాడు. నాలుగు మాటలకొకసారి ఆగుతూ మాట్లాడాడు.

"నాదొక డౌటు. మీరు ఎవరెవరి మజ్జలోనో వేసి చూశారు. ఒకరింటి నేల చూసి ఇంకొకరింటికి టైల్స్ కోస్తామా? ఎవరి గది కొలత వాళ్లది. ఎవరి పల్లం వాళ్లది. నా దాంట్లో వేసి చూడకూడదూ?"

"చూసినా నీకు మందివ్వరు బావా. ఒక్క మనిషి పళ్లెం చూసి మళ్లీ మొదలుపెట్టరు."

"ఇవ్వొద్దులే. అది నాకు తెలీదా?" గొట్టం సర్దుకున్నాడు. "నీ 'కావచ్చు' పోతుందిగా. నువ్వు నిద్ర మాని అటూ ఇటూ తిరుగుతుంటే ఇక్కడ నాకు నిద్ర పట్టి చావడం లేదు."

చిన్ని మొహం పక్కకి తిప్పుకుంది. కిటికీ బయట ఎవరో ఆరేసిన బట్టలు తీసుకుంటున్నారు.

బావకి రక్తం తగ్గుతోందని డాక్టరు ఎలాగూ మజ్జ పరీక్ష రాశాడు. తుంటి ఎముకలోంచి తీసేటప్పుడే ఇంకొంచెం తీయమని బావ అడిగి మరీ సంతకం పెట్టాడు. "తీసుకోండి సార్, ఇంట్లో కుర్రదానికి హోంవర్కు ఉంది," అన్నాడట. నొప్పికి పళ్లు బిగబట్టాడని అక్క చెప్పింది. ఎవరికో చెబుతున్నట్టు, గోడ చూస్తూ చెప్పింది.

మేడం ఒక షరతు మీద ఒప్పుకుంది. పళ్లేలు చిన్నే పోయాలి. ఏది ఏదో తెలిపే చీటీలు తను అంటించుకుంటుంది. లెక్క పూర్తయ్యేదాకా మందున్న పళ్లెం ఏదో చిన్నికి తెలియకూడదు. చిన్ని కోరుకున్నదీ అదే.

సీసా ఆసుపత్రి నుంచి వచ్చింది. మూత మీద బావ పేరు, వయసు. ఇన్నేళ్లలో ఎంతమంది మజ్జనో చేత్తో పట్టుకుంది. వాళ్లెవరో ఎప్పుడూ తెలియలేదు. ఈ మనిషి ఆమెకి జడలు వేయడం నేర్చుకున్నాడు, అక్క జ్వరంతో పడుకున్న వారం. ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా వేసి బడికి పంపాడు. చిన్ని చేతులు తుడుచుకుని, తొడుగులు వేసుకుని, పని మొదలుపెట్టింది. ఒక్క బుడగ కూడా రానివ్వలేదు.

రెండో వారం నడుస్తుండగా, ఒక పొద్దున బావ కళ్లు తెరిచి, "ఎలా ఉన్నారు నా పిల్లలు?" అన్నాడు.

చిన్నికి ఒక క్షణం అర్థం కాలేదు. "పెరుగుతున్నాయి బావా. ఇప్పుడే తీసి చూడకూడదు. చలి తగులుతుంది."

"పోన్లే. పిల్లల్లేరన్న బెంగ తీరింది."

టీ గ్లాసుతో వస్తున్న అక్క గుమ్మంలోనే ఆగి, వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్లిపోయింది. టీ చల్లారిపోయాక తెచ్చింది. రెండు రోజుల తర్వాత, తెల్లవారుతుండగా, అక్క భుజానికి తల ఆనించుకుని కూర్చునే బావ పోయాడు. పడుకుంటే ఊపిరాడదని అప్పటికి చాలా రోజులుగా కూర్చునే నిద్రపోతున్నాడు. పోయాడని అక్కకి వెంటనే తెలియలేదు. తెలిశాక కూడా, తెల్లగా తెల్లవారేదాకా భుజం కదపలేదు.

మూడు రోజుల్లో జరగాల్సినవి జరిగాయి. వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. మేడం ఫోను చేసింది.

"గడువు వచ్చేసిందమ్మా. ఇంకా ఆలస్యమైతే పాడైపోతాయి. నేను లెక్కపెట్టెయ్యనా?"

"వద్దు మేడం. నేనే వస్తాను."

అక్క మంచం మీద బావ చొక్కాలు మడత పెడుతోంది. "బావ పళ్లేలు ఇవాళ చూడాలి అక్కా," అంది చిన్ని. అక్క తల ఎత్తలేదు. చేతిలోని చొక్కాను విప్పి మళ్లీ మొదట్నుంచీ మడత పెట్టింది.

ఏ పళ్లెం ఏదో తెలియకుండానే చిన్ని లెక్కపెట్టింది. కొన్ని పళ్లేలు బోసిగా ఉన్నాయి. అవి ఎక్కువ మోతాదువని ఎవరూ చెప్పక్కర్లేదు. కొన్ని ఓ మోస్తరుగా, కొన్ని నిండుగా. మరీ నిండుగా కాదు, జబ్బుపడ్డ మనిషివి కదా. అయినా ఉన్నాయి. అన్నీ రాసి మేడం ముందు పెట్టింది. మేడం చీటీలు చూసి, పళ్లేలను వరసలో జరిపింది. చిన్ని ఊపిరి బిగబట్టి ఆ వరస చూసింది.

బావకి ఇద్దామనుకున్న మోతాదులో గుంపులున్నాయి. మందు పడని పళ్లెంలో ఉన్నన్ని లేవు, సగానికి కొంచెం పైన. కానీ అవి గుంపులే. ఎర్రగా, ముద్దగా, అంచుల దాకా నిండుగా.

మేడం తను కూడా చూసింది. చూశాక కుర్చీలో వెనక్కి వాలింది. "ఒక్క మనిషివి. దీన్ని బట్టి ఏదీ చెప్పలేం. నెలల తరబడి మింగితే ఏమయ్యేదో ఈ పళ్లెం చెప్పదు. ఆ మందు ఊపిరితిత్తులకి పనిచేసేదో లేదో అసలే చెప్పదు. ఆరోజు నువ్వు చెప్పింది తప్పు కాదు."

"తప్పని నేననలేదు మేడం," అంది చిన్ని.

పళ్లేలను మళ్లీ ఇంక్యుబేటరులో పెడుతుండగా గేటు నుంచి ఫోను వచ్చింది. ఎవరో మీ అక్కగారట, లోపలికి పంపమంటారా అని.

అక్క అంతవరకు ఎన్నడూ ఆ ల్యాబు గడప తొక్కలేదు. ఎవరిదో పెద్ద తెల్లకోటు తొడిగితే చేతులు లోపలే ఉండిపోయాయి. కాళ్లకి గుడ్డసంచుల్లాంటి తొడుగులు. మైక్రోస్కోపు ముందు కూర్చుని కళ్లు ఆనించింది.

"ఏం కనపడటం లేదు."

చిన్ని పక్కన నిలబడి మర తిప్పింది. "ఇప్పుడు?"

అక్క కళ్లు ఇంకా గట్టిగా ఆనించింది. "ఇవేనా?"

"ఇవే. మందు వేయనిది ఇది."

"ఎర్రగా ఉన్నవి... ఇవన్నీ ఆయనవేనా?"

"బావవే."

"బతికే ఉన్నాయా?"

"ఉన్నాయక్కా."

"మనిషే పోయాడు కదే."

"వెచ్చగా ఉంచి తిండి పెడితే చాలు. మనిషి పోయాడని వాటికి తెలీదు."

అక్క చాలాసేపు చూసింది. ముక్కు ఎగబీల్చింది కానీ కళ్లు తీయలేదు. తర్వాత, "రెండోది పెట్టు," అంది.

చిన్ని పళ్లెం మార్చింది. అక్క చూసింది. కళ్లు తీసి చెల్లెలివైపు చూసి, మళ్లీ వంగి చూసింది.

"ఇందులోనూ ఉన్నాయేమే?"

చిన్నికి అప్పుడు తట్టింది. అక్కకి ఏమీ తెలియదు. ఏది గుంపో ఏది కాదో అక్క చెప్పలేదు. 'అవన్నీ చచ్చినవే అక్కా' అంటే చాలు. ఇద్దరికీ ఒడ్డు దొరుకుతుంది. అక్క మళ్లీ తనని పేరు పెట్టి పిలుస్తుంది. మేడం కూడా కాదనదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఉన్నాయక్కా," అంది. "తక్కువే, కానీ ఉన్నాయి. మంచివే."

అక్క స్టూలు మీద ఇటు తిరిగింది.

"అంటే ఆయన తట్టుకునేవాడా?"

"ఏమో అక్కా. తట్టుకునేవాడేమో. తెలీదు. ఇంకెప్పటికీ తెలీదు."

"చచ్చినవే అని చెప్పుంటే నమ్మేదాన్ని కదే."

"తెలుసు."

అక్క ఆమెని కొట్టింది. కోటు చేతిలోంచి అరచెయ్యి బయటికి తీసి మరీ, భుజం మీద, ఒక్కటే దెబ్బ. గట్టిగానే తగిలింది. ఆ చెయ్యి మాత్రం వెనక్కి పోలేదు. భుజాన్ని అలాగే పట్టుకుని ఉండిపోయింది. పట్టుకునే ఏడ్చింది, బావ పోయిన రోజున కూడా ఏడవనంతగా. కళ్లజోడు తలుపు తీసి చూసి, చప్పుడు కాకుండా మూసేశాడు.

"ఆయనకి చెప్పుండేదానివా ఈ సంగతి?" అంది అక్క, మొహం తుడుచుకున్నాక.

"చెప్పేదాన్ని."

"ఏమనేవాడో."

చిన్నికి బావ మాట ఏదీ అందలేదు. ఎంత వెతికినా అందలేదు. అప్పుడు ఆమె కూడా ఏడ్చింది.

"ఇప్పుడు వీటినేం చేస్తారు?"

"ఆవిరి యంత్రంలో పెడతాం, ఆ వేడికి అన్నీ పోతాయి. ఆ తర్వాత పారేస్తాం."

"ఉంచకూడదా?"

"ఉంచినా ఉండవక్కా. వాటి తిండి అయిపోవచ్చింది. వాటంతట అవే పోతాయి. ఇంకో నాలుగు రోజులు."

అక్క ఆలోచించింది. "నాలుగు రోజులు ఆకలితో ఎందుకు," అంది. "ఇప్పుడే కానియ్యి. నేనూ ఉంటాను."

పళ్లేలన్నీ ఒక సంచిలో సర్ది, మూతి కట్టి, వెనక గదికి తీసుకెళ్లారు. చిన్ని సంచిని యంత్రంలో పెట్టి, బరువైన తలుపు మూసి, చక్రం బిగించింది. బిగించడానికి బలం చాలకపోతే అక్క రెండో పక్క చెయ్యి వేసింది. ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు మెల్లగా పైకి లేచింది. ఆవిరి బుస కొట్టింది. కూర్చోమని చిన్ని కుర్చీ తెస్తే అక్క కూర్చోలేదు. యంత్రం ఆగి, చల్లారి, తలుపు తెరిచేదాకా ఇద్దరూ దానివైపే చూస్తూ పక్కపక్కన నిలబడ్డారు.

ఇద్దరూ ఇంటికి బస్సెక్కారు. క్షమించావా అని చిన్ని ఎప్పుడూ అడగలేదు, అక్క ఎప్పుడూ చెప్పలేదు. దిగాల్సిన స్టాపు వచ్చినప్పుడు మాత్రం, కిటికీలోంచి బయటికి చూస్తూ కదలకుండా కూర్చున్న చెల్లెలి చెయ్యి పట్టుకుని, "లే చిన్నీ, మన స్టాపు," అంది అక్క.